గాలి అందరికీ ఒకటే, దుమ్ము మాత్రం మన వాటా



పోయిన శుక్రవారం షర్క్‌లో మన మీటింగులో నేను మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ ఉండి రాలేనివాళ్లు వాయిస్ పెట్టమన్నారు. రికార్డింగులో నా గొంతు కంటే ఏసీ చప్పుడే ఎక్కువ వచ్చింది. అందుకని కూర్చుని రాసి పంపుతున్నాను. నేను చదివింది పదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. కొంచెం పొడుగ్గా ఉంది, రెండు సార్లుగా చదువుకోండి. రూములో చదువు రానివాళ్లు ఉంటే చదివి వినిపించండి.

నేను కువైట్‌కి వచ్చి 21 ఏళ్లు అయింది. హెల్పర్‌గా వచ్చి, షట్టరింగ్ పని నేర్చుకుని, ఫోర్‌మన్ అయ్యి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇన్నేళ్లలో నా చేతి కింద ఎంతమంది పని చేశారో లెక్క లేదు. అందులో ఒక్క మనిషి గురించి ముందు చెప్తాను.

ఆయన టైల్స్ మేస్త్రీ. మన పక్క మనిషే. పేరు చెప్పను, ఇంట్లోవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. చేతి పని బంగారం. గ్రైండర్ పట్టుకుంటే గీత గీసినట్టు కోసేవాడు. నీళ్లు పెట్టకుండా పొడిగానే కోసేవాడు, ఎందుకంటే నీళ్లు పెడితే కింద అంతా బురద అవుతుంది, కడగడానికి ఇంకో మనిషి కావాలి, టైము పోతుంది. సాయంత్రానికి తల, మీసం, కనురెప్పలు అన్నీ తెల్లగా అయ్యేవి. మేమందరం నవ్వేవాళ్లం, "ఏందన్నా, ఒక్క రోజులో ముసలోడివి అయిపోయావే" అని. ఆయనా నవ్వేవాడు.

తర్వాత దగ్గు మొదలైంది. రెండు అంతస్తులు ఎక్కితే ఆగి ఊపిరి తీసుకునేవాడు. "డాక్టరుకి చూపించుకో అన్నా" అంటే, "ఎక్స్‌రేలో ఏదన్నా వస్తే అకామా పోతుంది తమ్ముడూ, ఆడపిల్ల పెళ్లి ఉంది" అన్నాడు. నేను ఇంక బలవంతం చేయలేదు.

ఒక రోజు గుబారు వచ్చింది. ఎదురు బిల్డింగు కూడా కనపడలేదు. ఆయన నా దగ్గరికి వచ్చి, "ఈ రోజు ఆపుదామా" అని అడిగాడు. పైనుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి, రేపు ఇన్‌స్పెక్షన్ ఉంది. "ఇంకో అరగంట అన్నా, ఆ మూల ఒక్కటి అయిపోతే పోదాం" అన్నాను. ఆ అరగంట మూడు గంటలు అయింది.

ఆ ఒక్క రోజు వల్లే ఆయన పోయాడని నేను అనను. అది ఏళ్ల తరబడి లోపల పేరుకున్న దుమ్ము. కానీ ఆ మూడు గంటలు నా ఖాతాలోవి. ఆ సంవత్సరమే సెలవు పెట్టి ఇంటికి పోయాడు, మళ్లీ రాలేదు. అక్కడ మొదట టీబీ అని మందులు మింగించారు. తగ్గలేదు. ఎనిమిది నెలలకు పోయాడు. మరణ కాగితం మీద గుండె ఆగి చనిపోయాడని రాశారు. గుండె ఎవరికైనా చివరికి ఆగేదే కదా. ఎందుకు ఆగిందో మాత్రం ఆ కాగితంలో లేదు.

ఈ ఆలోచన నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఆయన చావు ఏ లెక్కలోకి పోయింది? కువైట్ లెక్కలో లేడు, ఇక్కడ చనిపోలేదు కాబట్టి. ఇండియా లెక్కలో ఉన్నాడు, కానీ అక్కడ ఆయన పీల్చింది కువైట్ దుమ్ము అని ఎవరికీ తెలియదు. రెండు దేశాల పుస్తకాల్లోనూ దుమ్ము ఊసే లేదు.

మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. దాన్ని అడిగితే నాలుగు రోజులు కూర్చుని ఇంగ్లీషులో ఉన్నవి చదివి నాకు ఫోన్లో తెలుగులో చెప్పింది. నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

మొదటిది, చావు రేటు అంటే ఏంది. ఒక ఊళ్లో వెయ్యి మంది ఉంటే ఏడాదిలో ఎంతమంది చనిపోయారు అనే లెక్క. మన దేశంలో 2020 సర్కారు లెక్క ప్రకారం వెయ్యికి 6 మంది. ఛత్తీస్‌గఢ్‌లో 7.9. ఇక ఢిల్లీలో ఎంత ఉంటుందో చెప్పండి? చలికాలం వస్తే పొగతో కళ్లు కనపడని ఊరు కదా, పదో పన్నెండో ఉంటుంది అనుకుంటాం. మీటింగులో కూడా అందరూ అలాగే అన్నారు. నిజానికి 3.6. దేశంలోనే అన్నిటికంటే తక్కువ.

మరి పొగ ఆరోగ్యానికి మంచిదా? కాదు. ఢిల్లీకి పని కోసం వచ్చేది వయసు పిల్లలు. వయసులో ఉన్నవాళ్లు ఎక్కువ ఉన్న ఊళ్లో చావులు తక్కువే ఉంటాయి. పైగా జబ్బు పడితే, ముసలితనం వస్తే చాలామంది సొంత ఊరికి పోతారు. చావు అక్కడ రాస్తారు.

కువైట్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఇక్కడి జనంలో మూడింట రెండు వంతుల మంది మనలాంటి బయటి దేశాల వాళ్లే. అందులో మన ఇండియా వాళ్లే దాదాపు పది లక్షలు. మనల్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు రక్తం, ఎక్స్‌రే అన్నీ చూసి, గట్టి మనుషుల్నే ఏరి తెస్తారు. పని చేయలేని రోజు వస్తే టికెట్టు తీసుకుని పోతాం. అందుకే కువైట్ చావు రేటు మన దేశం రేటు కంటే కూడా చాలా తక్కువ. ఆ అంకె చూసి "ఇక్కడ గాలి బాగానే ఉంది, ఎవరూ చావట్లేదు" అనుకుంటే మోసపోయినట్టే. ఆరోగ్యం ఉన్న వయసు ఇక్కడ ఇచ్చి, జబ్బు మూట ఇంటికి తీసుకుపోతున్నాం.

అందుకని చదువుకున్నవాళ్లు ఉత్తి చావు రేటు చూసి ఊరుకోరు. 1970లో అమెరికాలో లేవ్, సెస్కిన్ అని ఇద్దరు నూరు పైచిలుకు పట్టణాల లెక్కలు తీశారు. ఏ పట్టణంలో గాలిలో దుమ్ము ఎంత, ముసలివాళ్లు ఎంతమంది, బీదవాళ్లు ఎంతమంది, చావులు ఎన్ని, అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. వయసు, బీదరికం లెక్క తీసేసిన తర్వాత కూడా గాలి చెడ్డగా ఉన్న చోట చావులు ఎక్కువే ఉన్నాయని తేలింది.

కొందరు దానికి ఒప్పుకోలేదు. సరే అని హార్వర్డ్ వాళ్లు అక్కడి ఆరు పట్టణాల్లో ఎనిమిది వేల మందికి పైగా మనుషుల్ని పద్నాలుగు, పదహారు ఏళ్ల పాటు వెంబడించి చూశారు. సిగరెట్టు తాగేవాళ్లు ఎవరు, వయసెంత, ఏం పని చేస్తారు అన్నీ రాసుకున్నారు. 1993లో ఫలితం చెప్పారు. అవన్నీ సరిచేసి చూసినా, గాలి బాగున్న పట్టణంలో 100 చావులు ఉంటే, గాలి బాగా చెడిన పట్టణంలో 126 ఉన్నాయి. ఆ ఎక్కువ వచ్చిన 26 మంది చావు కాగితాల మీద కూడా దుమ్ము అని ఉండదు. గుండె అనో ఊపిరితిత్తులు అనో ఉంటుంది. మా మేస్త్రీకి రాసినట్టే.

ఇప్పుడు మన కువైట్ సంగతి. ఇక్కడ కూడా పరిశోధకులు 2000 నుంచి 2016 దాకా 17 ఏళ్ల చావుల లెక్క తీసి చూశారు. అన్ని ఏళ్లకీ దుమ్ము కొలిచిన లెక్కలు లేవు. ఏం చేశారో తెలుసా? ఎంత దూరం కంటికి కనపడుతోంది అని రోజూ రాసిపెట్టిన లెక్క ఉంటుంది కదా, దాన్ని తీసుకున్నారు. దూరం సరిగ్గా కనపడని రోజు గాలి చెడ్డ రోజు. మనం సైటు మీద నుంచి చూసి "ఈ రోజు కువైట్ టవర్స్ కనపడట్లేదు రా" అంటామే, అదే పద్ధతి. గాలి చెడిన రోజుల్లో చావు ప్రమాదం పెరుగుతోందని వాళ్లు చెప్పారు. అంటే మన కంటితో చూసే చూపు కూడా ఒక కొలతే. దాన్ని తక్కువ చేయకండి.

అందులో ఉన్న బర్రాక్ అల్‌అహ్మద్ అనే కువైట్ పరిశోధకుడు, ఇంకొందరు కలిసి 2020లో ఎండ గురించి ఇంకొకటి రాశారు. ఎండ ముదిరిన రోజుల్లో ఎవరికి ప్రమాదం ఎక్కువ అని చూస్తే, కువైటీలు కానివాళ్లకు, పని వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువ అని వచ్చింది. ముసలివాళ్లకు కదా ఎక్కువ ఉండాల్సింది? కానీ ఇక్కడ ఎండలో నిలబడేది వయసువాళ్లే. అదీ సంగతి.

ఇక్కడే సంపాదన మాట వస్తుంది. ఎండైనా దుమ్మైనా పేరు అడిగి రాదు. అయినా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకు తగులుతుంది? నాకు మూడు దారులు కనపడ్డాయి.

మొదటి దారి, ఎంత దుమ్ము మన మీద పడుతుంది అనేది. 2022 మే నెలలో గుబారు ఎట్లా వచ్చిందో గుర్తుందా? 16న, మళ్లీ 23న ఎయిర్‌పోర్టులో విమానాలు ఆపేశారు. పిల్లలకు బడి సెలవు ఇచ్చారు. ఆ రోజు ముదీర్ కూడా అదే షర్క్‌లో ఉన్నాడు, మనమూ అదే షర్క్‌లో ఉన్నాం. ఆయన అద్దాల లోపల ఏసీలో ఉన్నాడు. మన పిల్లలు స్కాఫోల్డింగ్ మీద ఉన్నారు. గుబారు లేని రోజున కూడా మన గ్రైండరు, మన సిమెంటు బస్తా, మన జనరేటరు పొగ మన ముక్కు ముందే ఉంటాయి. ఎడారి దుమ్ము అందరిదీ, సైటు దుమ్ము మాత్రం మనదే.

రెండో దారి, దుమ్ము తగిలినప్పుడు ఒంట్లో బలం ఎంత ఉంది అనేది. పన్నెండు గంటల డ్యూటీ, నాలుగు గంటల నిద్ర, పొద్దున టీ బిస్కెట్టు, మధ్యాహ్నం చల్లారిన అన్నం. రూములో ఎనిమిది మంది, కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఊపిరి ఆడదు. సరైన రూముకు డబ్బు లేకపోతే ప్రాణానికే ముప్పు అని 2024 జూన్ 12న మంగాఫ్‌లో చూశాం. ఆ బిల్డింగు మంటల్లో 45 మంది మన దేశం పిల్లలు పోయారు. మన ఆంధ్రా వాళ్లు ముగ్గురు ఉన్నారు. ఎక్కువమంది పోయింది కాలి కాదు, పొగ పీల్చి.

మూడో దారి, జబ్బు వచ్చాక వైద్యం. డబ్బున్నవాడు దగ్గు వస్తే డాక్టరు దగ్గరికి పోతాడు. మనం దగ్గు వస్తే అకామా పోతుందని దాచుకుంటాం. జీతం కోత, టాక్సీ ఖర్చు, మందుల ఖర్చు లెక్క వేసుకుని బకాలాలో విక్స్ కొనుక్కుని వస్తాం. ప్రైవేటు పనిలో 2017లో పెట్టిన కనీస జీతం 75 దీనార్లు. అందులో 50 ఇంటికి పంపేవాడు ఊపిరితిత్తుల పరీక్షకు ఎక్కడి నుంచి తెస్తాడు?

ప్రెస్టన్ అనే ఆయన 1975లో దేశాల సంపాదన, జనం ఆయుష్షు పక్కపక్కన పెట్టి చూపించాడు. బాగా బీదగా ఉన్నచోట కొంచెం సంపాదన పెరిగినా ఆయుష్షు బాగా పెరుగుతుంది. ధనం ఉన్నచోట ఇంకా పెరిగినా పెద్ద తేడా ఉండదు. అంటే పది దీనార్లు సేటుకు ఒకటి, మనకు ఒకటి. ఆ పది దీనార్లు మన ఒంటి మీద ఖర్చు పెడితే వచ్చే లాభం మనకే ఎక్కువ. మనం మాత్రం చివర ఖర్చు పెట్టేది మన ఒంటి మీదే.

ఇది ఇక్కడి గొడవ మాత్రమే కాదు. మాది ఓబులవారిపల్లె మండలం. మంగంపేట ముగ్గురాయి పేరు మీలో చాలామందికి తెలుసు. ప్రపంచంలోనే పెద్ద గనుల్లో అదొకటి. ఆ రాయిని మిల్లుల్లో పొడి చేస్తారు. చిన్నప్పుడు మిల్లుల పక్క పోతే చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉండేవి. మా నాయన ఆ మిల్లులో కూలికి పోయేవాడు. ఆ పొడి ఎక్కడికి పోతుందో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలపడానికి వాడతారంట, గల్ఫ్‌కి కూడా పోతుందంట. మా ఊరి రాయి పొడై చమురు బావుల్లోకి పోయింది, మేము మనుషులం సైటులోకి వచ్చాం. అక్కడా కూలివాడి ముక్కులోకే, ఇక్కడా కూలివాడి ముక్కులోకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. బయటి గాలి చెడిపోవడం వల్ల 2019లో ప్రపంచంలో 42 లక్షల మంది ముందుగా చనిపోయారు, అందులో 100కి 89 మంది తక్కువ, మధ్య ఆదాయం ఉన్న దేశాల వాళ్లే అని లెక్క.

సరే, దుమ్ము లోపల ఏం చేస్తుందో రెండు ముక్కలు. కంటికి కనపడే పెద్ద దుమ్ము ముక్కులో, గొంతులో ఆగుతుంది, చీదేస్తాం, ఉమ్మేస్తాం. ప్రమాదం కనపడని సన్న దుమ్ముతో. దాన్ని పీఎం 2.5 అంటారు. మన తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడి నుంచి రక్తంలోకి కూడా పోతుంది. అందుకే దుమ్ముతో దగ్గు ఒక్కటే కాదు, గుండెపోటు, పక్షవాతం కూడా వస్తాయి. ఈ సన్న దుమ్ము ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కువైట్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. హైదరాబాదు కూడా అంతే.

రెండోది రాతి దుమ్ము. గ్రానైట్, టైల్స్, కాంక్రీటు కోసినప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. ఒకసారి వచ్చాక మందు లేదు. పని మానేసినా ముదురుతూ ఉండొచ్చు. సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. అందుకే డాక్టర్లు కూడా తికమక పడతారు.

కిచెన్ ప్లాట్‌ఫారాలకు వేసే క్వార్ట్జ్ రాయి ఉంది కదా, ఫ్యాక్టరీలో చేసేది, అది ఇంకా ప్రమాదం. చాలా రకాల్లో 100కి 90 పాళ్లకు పైగా సిలికానే. ఆస్ట్రేలియాలో ఈ రాయి కోసే కుర్రాళ్లకు వరుసగా ఊపిరితిత్తులు పోతుంటే, అక్కడ మనిషి మనిషికీ పరీక్షలు చేసి లెక్క రాశారు. కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. చివరికి 2024 జూలై 1 నుంచి ఆ రాయి వాడకమే ఆపేశారు. ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ దుమ్ము మనదాని కంటే చెడ్డదేం కాదు. అక్కడ లెక్క రాశారు, అంతే తేడా. లెక్కలో లేని చావుకు చట్టం రాదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి చెప్తాను. గాలి మొత్తం మనం బాగు చేయలేం. కానీ ఇవి చేయగలం.

1. పొడిగా కోయొద్దు. గ్రైండరుకు నీళ్ల పైపు పెట్టండి. ఏదీ లేకపోతే ఒక మనిషి బాటిల్‌తో నీళ్లు పోస్తూ ఉండాలి, కరెంటు వైర్లు తడవకుండా చూసుకోవాలి. ఊడ్చేముందు నీళ్లు చల్లండి. చీపురుతో పొడి దుమ్ము లేపడం కోయడం అంత చెడ్డది.

2. తువ్వాలు మాస్కు కాదు. ముఖానికి గుడ్డ చుట్టుకుంటే ఇసుక ఆగుతుంది, సన్న దుమ్ము ఆగదు. నీలం రంగు ఆసుపత్రి మాస్కు కూడా పనికిరాదు. ఎన్‌95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 అని రాసి ఉన్నది అడగండి. రెండు పట్టీలూ తలకి పెట్టుకోవాలి, ముక్కు మీద రేకు నొక్కుకోవాలి. గడ్డం ఎక్కువ ఉంటే పక్కనుంచి గాలి లోపలికి వస్తుంది. తడిసినా, మురికి పట్టినా మార్చాలి.

3. గుబారు రోజు కంటితో కొలవండి. రోజూ కనపడే ఒక గుర్తు పెట్టుకోండి. షర్క్‌లో ఉన్నవాళ్లకు అల్ హమ్రా టవర్ ఉంది, 413 మీటర్ల ఎత్తు. అది మసకబారితే మాస్కు పెట్టాలి. ఎదురు బిల్డింగే కనపడకపోతే పై పని ఆపమని అడగాలి. ఒక్కడు అడిగితే సోమరి అంటారు. పదిమంది కలిసి అడగండి.

4. ఎండాకాలం మధ్యాహ్నం పని. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. ఇది మనమీద దయ కాదు, చట్టం. చేయిస్తే మ్యాన్‌పవర్ అథారిటీకి ఫిర్యాదు పెట్టొచ్చు. ఎట్లా పెట్టాలో తెలియకపోతే గ్రూపులో అడగండి.

5. రూము గాలి. ఏసీ జాలీ వారానికి ఒకసారి తీసి కడగండి. ఎనిమిది మంది పడుకునే రూములో దోమల చక్రం, అగరుబత్తి, సిగరెట్టు మూడూ వెలిగిస్తే బయటి గుబారే నయం. చలికాలం తలుపులు మూసి బొగ్గులు వెలిగించుకోవద్దు. ఆ పొగకు వాసన తెలియదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇళ్లలో పని చేసే అక్కాచెల్లెళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నాను.

6. బీడీ, సిగరెట్టు. దుమ్ము పనివాడికి సిగరెట్టు రెండింతలు చెడ్డది. ఒకేసారి మానలేకపోతే సైటులో తాగడం ముందు మానండి.

7. డాక్టరుతో పని గురించి చెప్పండి. "దగ్గు" అని మాత్రమే చెప్తే దగ్గు మందు ఇస్తారు. "నేను ఇన్నేళ్లుగా రాయి కోసే పని చేస్తున్నాను, దుమ్ములో ఉంటాను" అని చెప్పండి. మన ఊళ్లో డాక్టరుకైనా ఇదే చెప్పండి. ప్రతి ఎక్స్‌రే, ప్రతి చీటీ ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి. సెలవు మీద పోయినప్పుడు ఊపిరి పరీక్ష చేయించుకోండి.

8. ఈ గుర్తులు దాచొద్దు. మూడు వారాలు తగ్గని దగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, బరువు తగ్గడం, ఉమ్ములో రక్తం. ఛాతీలో బరువు, చెమటలు, ఊపిరి ఆడకపోవడం ఉంటే ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి.

ఇంకో కాగితం మాట. ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టి వచ్చినవాళ్లకు పది లక్షల బీమా ఉంటుంది. కానీ అది ప్రమాదంలో చనిపోతే, అవయవం పోతే. దుమ్ముతో నెమ్మదిగా వచ్చే జబ్బుకు ఆ పది లక్షలు రావు. పైనుంచి పడితే ప్రమాదం అంటారు, పదిహేనేళ్లు దుమ్ము పీల్చి పడిపోతే మామూలు చావు అంటారు. అందుకే పని చేసిన సైట్లు, ఏ పని, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు మీ పిల్లలు ఎవరినైనా అడగాలంటే చేతిలో ఆ కాగితం ఉండాలి.

చివరగా నాలాంటి ఫోర్‌మన్‌లకు, సూపర్‌వైజర్‌లకు ఒక మాట. పైవాళ్లు మనల్ని తరుముతారు, నిజమే. కానీ "ఇంకో అరగంట" అనే మాట మన నోట్లోంచే వస్తుంది. ఆ మేస్త్రీ కూతురి పెళ్లికి నేను పోయాను. ఆమె నా కాళ్లకు దండం పెట్టింది, "నాన్నకి మీరంటే చాలా గౌరవం మామా" అని. నేను తల ఎత్తలేకపోయాను. అప్పటి నుంచి నా సైటులో పొడి కటింగ్ లేదు. దానికోసం రెండుసార్లు మాటలు పడ్డాను, ఒకసారి బోనస్ పోయింది. పనైతే పోలేదు. నీళ్లు పెట్టి కోసినా టైములు అందుతున్నాయి. బురద కడగడానికి రోజుకు ఒక మనిషి ఒక గంట. ఇన్నేళ్లూ మేము ఆదా చేసింది ఆ ఒక్క గంటే.

మనం ఇక్కడికి వచ్చింది ఇంటికి నాలుగు దీనార్లు పంపడానికి. ఆ పంపే మనిషి కూడా ఇంటికి తిరిగి పోవాలి, పోయి కొన్నాళ్లు కూర్చుని మనవళ్లతో ఆడుకోవాలి. సంపాదన అంటే అది కూడా.

ఈ శుక్రవారం నుంచి గ్రూపులో ఒక పని మొదలు పెడుతున్నాం. టైల్స్, రాయి, కాంక్రీటు కటింగ్ చేసేవాళ్లు ఎన్నేళ్లుగా చేస్తున్నారు, దగ్గు ఆయాసం ఉన్నాయా అని నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి. పేర్లు ఎక్కడా బయటపెట్టం, కంపెనీకి చెప్పం. ఎంతమంది ఉన్నామో ముందు మనకు తెలియాలి. మన లెక్క మనమే రాసుకుందాం.

అందరూ జాగ్రత్త. ఉంటాను.